బస్సు, బల్దియా, చట్టసభ
నీలం సంజీవరెడ్డి గారి కాలపు చర్చలు – మన ఓరుగల్లు

మన సంఘం సంచికలో ప్రతి ఏడూ ఒక చరిత్ర వ్యాసం వుండడం ఆనవాయితీ. కోట మీద, కాకతీయుల మీద, ఆజంజాహి మిల్లు మీద, కాజీపేట జంక్షను మీద ఎందరో పెద్దలు ఎన్నో వ్రాసినారు. ఈసారి మేము కొంచెం వేరే దారి పట్టినాము. రోజూ మనం ఎక్కే బస్సు, రోజూ మనం తిట్టుకునే బల్దియా – ఈ రెండూ ఎక్కడ పుట్టినవి, చట్టసభల్లో వాటి మీద ఎట్లాంటి వాదాలు నడిచినవి, ఆ వాదాల నడుమ నిలబడిన ఒక శాసనసభ్యుని కథ ఏమిటి అన్నది ఈ వ్యాసం. ఆయన నీలం సంజీవరెడ్డి గారు. ఆయనది మన జిల్లా కాదు, అనంతపురం జిల్లా ఇల్లూరు. అయినా ఆయన హయాములో జరిగిన చర్చల ఫలితం మన హనుమకొండ చౌరస్తా దాకా, మన పల్లెల పంచాయితీ ఆఫీసు దాకా వచ్చి చేరింది. అందుకే అది మన చరిత్ర కూడా.

ఒక రాష్ట్రం, రెండు అనుభవాలు

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు ఒకే సభలో కూర్చున్న సభ్యులు రెండు వేర్వేరు లోకాల నుంచి వచ్చినారు. ఈ మాట గుర్తుంచుకోకపోతే తరువాతి చర్చలు అర్థం కావు.

బస్సు విషయం చూడండి. మన తెలంగాణలో సర్కారు బస్సు పాతకాలపుది. నిజాం స్టేట్ రైల్వేను ప్రభుత్వం 1930లో తన చేతిలోకి తీసుకున్నది. రెండేళ్ళకు, అంటే 1932 జూన్‌లో, ఆ రైల్వే కిందనే రోడ్డు రవాణా శాఖ ఒకటి మొదలైంది. అప్పుడు వున్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. రైలు పోని ఊళ్ళ జనాన్ని రైలు దాకా చేర్చాలి, రైలూ బస్సూ ఒకదానితో ఒకటి పోటీపడి రెండూ నష్టపోరాదు అన్నది దాని వెనుక వున్న ఆలోచన. దేశంలో ప్రభుత్వమే బస్సులు నడపడం అన్నది అప్పటికి చాలా కొత్త. మన బస్సుల నెంబరు చివర చాలా కాలం కనిపించిన 'జెడ్' అక్షరం ఏడవ నిజాం తల్లిగారు జహ్రా బేగం పేరు మీద వచ్చిందని మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1950లో రైల్వే కేంద్ర ప్రభుత్వానికి పోయిన తరువాత బస్సుల శాఖ రాష్ట్రం చేతికి వచ్చింది.

కోస్తాలో, రాయలసీమలో పరిస్థితి వేరు. అక్కడ బస్సు అంటే ప్రైవేటు మోటారు కంపెనీ. ఒక్కొక్క జిల్లాలో కొన్ని కుటుంబాలు, కొన్ని కంపెనీలు రూట్లు పంచుకొని నడిపేవి. వారిలో సమయానికి బండి తీసే మంచి యజమానులూ వున్నారు, జనాన్ని బస్తాల్లాగా కుక్కే వాళ్ళూ వున్నారు. రూటు పర్మిటు అంటే డబ్బు, డబ్బు అంటే పలుకుబడి, పలుకుబడి అంటే ఎన్నికలు. ఈ గొలుసును గుర్తుంచుకోండి, ముందు ముందు పనికి వస్తుంది.

ఇక స్థానిక పరిపాలన విషయంలో తక్కెడ అటువైపు మొగ్గుతుంది. మద్రాసు రాష్ట్రంలో 1884 చట్టాల నుంచే మునిసిపాలిటీలు, లోకల్ బోర్డులు వున్నవి. 1920 చట్టాలతో ఎన్నికైన ప్రతినిధుల బలం పెరిగింది. జిల్లా బోర్డు ప్రెసిడెంటు అంటే అక్కడ మంత్రికి తీసిపోని మనిషి. మన నిజాం ఇలాకాలో బల్దియాలు వున్నా, అక్కడ మాట చెల్లేది తాలూక్‌దారు గారిది, సర్కారు అధికారులది. జనం ఓటుతో వచ్చిన సభ్యుని మాట కాదు. హైదరాబాదు శాసనసభ తన ఆఖరి కాలంలో, 1956లో, జిల్లా మునిసిపాలిటీల చట్టం, గ్రామ పంచాయితీల చట్టం చేసి ఈ లోటు తీర్చబోయింది. అంతలోనే రాష్ట్రం మారిపోయింది.

అంటే ఏమైంది? సర్కారు బస్సు సంగతి తెలంగాణ సభ్యునికి అనుభవంలో వుంది, ఆంధ్ర సభ్యునికి కొత్త. ఎన్నికైన బోర్డు సంగతి ఆంధ్ర సభ్యునికి అనుభవంలో వుంది, తెలంగాణ సభ్యునికి కొత్త. ఒకరి వద్ద వున్నది ఇంకొకరు నేర్చుకోవలసిన పరిస్థితి. ఈ సభకు మొదటి ముఖ్యమంత్రి సంజీవరెడ్డి గారు.

అప్పటి సభల్లో మనవాళ్ళు

మన పిల్లలకు చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతాము. 1952లో వరంగల్ నుంచి లోక్‌సభకు పెండ్యాల రాఘవరావు గారు పి.డి.ఎఫ్. తరఫున గెలిచినారు. ఆ తరువాత వరుసగా రెండు ఎన్నికల్లో వరంగల్ ఓటర్లు ముస్లిం అభ్యర్థులను ఢిల్లీకి పంపించినారు. 1957లో సాదత్ అలీ ఖాన్ గారు. ఈయన విదేశాంగ శాఖలో నెహ్రూ గారి వద్ద పార్లమెంటరీ కార్యదర్శిగా పనిచేసినారు. 1962లో బాకర్ అలీ మీర్జా గారు. 1957లోనే వరంగల్ శాసనసభ స్థానం నుంచి మీర్జా శుకూర్ బేగ్ గారు గెలిచినారు. ఆ తరువాత 1980లో వరంగల్ లోక్‌సభ స్థానం కమాలుద్దీన్ అహ్మద్ గారిది. వీరందరికీ ఓటు వేసినవారిలో మనవాళ్ళు కొంతమందే. మిగతా అందరూ పక్కింటి హిందూ సోదరులు, మిల్లు కార్మికులు, రైతులు. ఓరుగల్లు మంచితనానికి ఇది గురుతు.

ఇంకొక మాట. అప్పటి సభల్లో ఎవరి భాషలో వారు మాట్లాడేవారు. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో మాట్లాడిన మాటలను ఆ భాషలోనే, ఆ లిపిలోనే అచ్చువేసేవారు. హైదరాబాదు శాసనసభ పాత సంపుటాలు తెరిస్తే ఉర్దూ పేజీలు పుంఖానుపుంఖాలు కనిపిస్తవి. వాటి గురించి ఈ వ్యాసం చివర మళ్ళీ చెబుతాము.

ఆర్టీసీ పుట్టుక, కృష్ణా జిల్లా దావా

1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. 1950లో పార్లమెంటు చేసిన రోడ్డు రవాణా సంస్థల చట్టం దీనికి ఆధారం. మన పాత నిజాం కాలపు బస్సుల శాఖే ఇప్పుడు ఆర్టీసీ అయింది. దాన్ని తెలంగాణ దాటించి అటువైపు జిల్లాలకు విస్తరించాలన్నది సర్కారు నిర్ణయం. మొదట ఎంచుకున్నది కృష్ణా జిల్లా.

జాతీయం చేయడం అంటే అప్పటికి నడుస్తున్న ప్రైవేటు బస్సును ఆపి ఆ రూటు సంస్థకు ఇవ్వడం. 1956లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన కొత్త అధ్యాయం దీనికి పద్ధతి చెప్పింది. ముందు సంస్థ ఒక స్కీము ప్రకటించాలి. నష్టపోయేవారు అభ్యంతరాలు చెప్పుకోవచ్చు. సర్కారు వారిని పిలిచి వినాలి. విని, స్కీమును ఒప్పుకోవాలి, మార్చాలి, లేదా తోసివేయాలి.

వాదం ఇరుపక్కలా బలమైనదే. లాభం వచ్చే రూటులోనే ప్రైవేటు బస్సు తిరుగుతుంది, మారుమూల పల్లెకు ఎవడు పోతాడు? డ్రైవరుకు పనిగంటలు, జీతం, సెలవు ఎవరు చూస్తారు? ఇది సర్కారు పక్షం. ఇరవై ముప్పై ఏళ్ళు కష్టపడి పెంచుకున్న వ్యాపారాన్ని ఒక్క గెజిట్ కాగితంతో తీసివేస్తారా? పోటీ లేకపోతే రేపు ప్రయాణీకుడిని ఎవరు పట్టించుకుంటారు? ఇది యజమానుల పక్షం. మేము ఈనాడు వెనక్కి చూసి చెప్పాలంటే, ఇద్దరి భయాలూ కొంతకొంత నిజమైనవి.

కృష్ణా జిల్లా యజమానులు సుప్రీంకోర్టుకు పోయినారు. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసు అని లా చదివే పిల్లలందరికీ ఈ కేసు పాఠం. జరిగింది ఏమిటంటే, అభ్యంతరాలు విన్నది రవాణా వ్యవహారాలు చూసే కార్యదర్శి. నిర్ణయం చేసింది ముఖ్యమంత్రి. 1958 నవంబరులో తీర్పు వచ్చింది. ముగ్గురు న్యాయమూర్తులు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు. మెజారిటీ తీర్పు వ్రాసినది మన తెలుగువారే, కోకా సుబ్బారావు గారు. ఒకరు విని ఇంకొకరు తీర్పు చెబితే ఆ వినడానికి అర్థం లేదు, విన్నవాడే నిర్ణయించాలి అని ఆ తీర్పు సారం. రెండవది, సంస్థ కూడా సర్కారుదే, సంస్థకూ యజమానులకూ నడుమ తగవు తీర్చేది సర్కారే. మరి ఆ శాఖ పని చూసే కార్యదర్శే విచారణకు కూర్చుంటే, తన దావాకు తానే కాజీ అయినట్లు కాదా అని ప్రశ్న.

స్కీము కొట్టుబడింది. సర్కారు మళ్ళీ మొదటి నుంచి పని మొదలుపెట్టింది. ఈసారి ముఖ్యమంత్రి గారు స్వయంగా కూర్చొని అభ్యంతరాలు విన్నారు. యజమానులు మళ్ళీ కోర్టుకు పోయినా, ముఖ్యమంత్రి పక్షపాతి అన్న వాదాన్ని 1959లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తప్పు చూపిస్తే దిద్దుకొని ముందుకు పోవడం అప్పటి పరిపాలనలో మేము మెచ్చుకునే గుణం.

షాద్‌నగర్‌లో పంచాయితీ రాజ్

బస్సుల గొడవ ఇట్లా నడుస్తుండగానే రెండవ పని కూడా సాగుతున్నది. 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ గ్రామం, బ్లాకు, జిల్లా అని మూడు అంచెల స్థానిక పరిపాలన రావాలని సిఫారసు చేసింది. రాజస్థాన్ మొదట అమలు చేసింది. రెండవది మన రాష్ట్రం. 1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో నెహ్రూ గారు పంచాయితీ రాజ్‌ను ప్రారంభించినారు. పంచాయితీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం ఆ నవంబరు 1 నుంచి అమలైంది. షాద్‌నగర్ తెలంగాణలోది. ఎన్నికైన బోర్డు ఎరుగని ప్రాంతంలోనే దీపం వెలిగించడం మాకు ఈనాటికీ సముచితంగా తోస్తుంది.

ఆ చట్టం ఎట్లా పనిచేసిందో మన యువకులకు చెప్పాలి. గ్రామ సర్పంచులు సమితిలో సభ్యులు. సమితి అధ్యక్షులు జిల్లా పరిషత్తులో సభ్యులు. శాసనసభ్యులకు, లోక్‌సభ సభ్యులకు కూడా అందులో స్థానం వుంది. అంటే వరంగల్ జిల్లా పరిషత్తులో మన పార్లమెంటు సభ్యుడు కూడా పదవి రీత్యా సభ్యుడే. కలెక్టరు కూడా సభ్యుడు. అంతే కాదు, పరిషత్తు స్థాయీ సంఘాలకు ఆయనే అధ్యక్షుడు.

ఇక్కడే అసలు చర్చ. ఎన్నికైన మనిషి పైన వుండాలా, కలెక్టరు పైన వుండాలా? కలెక్టరు లేకపోతే పనులు సాగవు, కొత్తగా వచ్చినవారికి లెక్కలు తెలియవు అని ఒక వాదం. కలెక్టరే అన్ని సంఘాలకూ అధ్యక్షుడైతే పాత తాలూక్‌దారు పాలనకూ దీనికీ తేడా ఏమిటి అని ఇంకొక వాదం. జనం నేరుగా ఎన్నుకోకుండా సర్పంచులు కూడి సమితి అధ్యక్షుని ఎన్నుకుంటే, పది ఓట్లు కొనగలిగినవాడిదే పదవి అవుతుంది అన్న భయం మూడవది. ఈ మూడవ భయం చాలాచోట్ల నిజమైందని మన జిల్లా పెద్దలు ఒప్పుకుంటారు. 1986లో సమితులు పోయి మండలాలు వచ్చినప్పుడు నేరుగా ఎన్నుకునే పద్ధతికి దారి పడింది.

పట్టణాల విషయంలో 1965లో ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం వచ్చి రెండు ప్రాంతాలకూ ఒకే రూలు పెట్టింది. మన వరంగల్ బల్దియా ఈ చట్టం కిందనే చాలా కాలం నడిచి 1994లో కార్పొరేషన్ అయింది. 2015లో గ్రేటర్ వరంగల్ అయింది.

కర్నూలు రూట్లు, ఒక రాజీనామా

ఇప్పుడు ఈ కథలో బరువైన భాగానికి వస్తున్నాము.

సంజీవరెడ్డి గారు 1960లో కాంగ్రెసు అధ్యక్షులుగా పోయి, 1962 మార్చిలో మళ్ళీ ముఖ్యమంత్రిగా వచ్చినారు. జాతీయం చేసే పని జిల్లా తరువాత జిల్లాగా సాగుతున్నది. ఏ ప్రాంతం ముందు, ఏది తరువాత అని ఒక కమిటీ వరుస చెప్పి వుంది. సంస్థ దాన్ని ఒప్పుకొని వుంది. ఆ వరుస ఉన్నట్లుండి మారింది. కర్నూలు జిల్లా పడమటి భాగం ముందుకు వచ్చింది. ఎందుకు?

అక్కడి బస్సు యజమానులు చెప్పినది ఇది: మేము ఎన్నికల్లో ముఖ్యమంత్రి మనుషులకు వ్యతిరేకంగా పనిచేసినాము, అందుకని మా రూట్లు ముందు లాగుకుంటున్నారు. హైకోర్టులో వారు ఓడిపోయినారు. సుప్రీంకోర్టుకు పోయినారు. సి.ఎస్. రౌజీ కేసు అని దానికి పేరు. 1964 ఆరంభంలో తీర్పు వచ్చింది. కోర్టు పట్టించుకున్న విషయం ఒకటే. ముఖ్యమంత్రి మీద ఇంత స్పష్టమైన ఆరోపణ ప్రమాణ పత్రంలో వ్రాసి ఇస్తే, అది అబద్ధమని ఆయన ప్రమాణ పత్రం దాఖలు చేయలేదు. వరుస ఎందుకు మారిందో సంస్థ సరిపోయే కారణం చూపలేదు. జవాబు లేని ఆరోపణను నమ్మవలసి వస్తుంది అని కోర్టు స్కీములను కొట్టివేసింది.

1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేసినారు. సభలో మెజారిటీ వుంది. దిగిపొమ్మని కోర్టు చెప్పలేదు. అయినా దిగినారు. కాసు బ్రహ్మానందరెడ్డి గారు ఆయన స్థానంలోకి వచ్చినారు.

మన ప్రాంతానికి సంబంధించిన ఇంకొక రాజీనామా కూడా ఇక్కడ గుర్తుకు వస్తుంది. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ వద్ద రైలు ప్రమాదం జరిగి వందమందికి పైగా చనిపోయినారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి గారు రాజీనామా ఇస్తే నెహ్రూ గారు ఒప్పుకోలేదు. ఆ నవంబరులో తమిళనాట అరియలూరు వద్ద మళ్ళీ ప్రమాదం జరిగింది. ఈసారి శాస్త్రి గారు నిలువలేదు, దిగిపోయినారు. ఎనిమిదేళ్ళలో రెండు రాజీనామాలు. రెండూ ప్రయాణీకునికి సంబంధించిన శాఖ వ్యవహారాల్లోనే. రెండింటికీ తేడా వుంది. శాస్త్రి గారి మీద ఎవరూ వేలెత్తి చూపలేదు. సంజీవరెడ్డి గారి మీద వేలెత్తినారు, ఆయన సమయానికి జవాబు చెప్పలేదు. ఆ మౌనమే ఆయనకు చేటు తెచ్చింది. కానీ కుర్చీ పట్టుకొని వ్రేలాడలేదు అన్నది కూడా నిజమే. చరిత్ర వ్రాసేటప్పుడు రెండూ వ్రాయాలి. ఒకటి వ్రాసి ఒకటి దాచితే అది పొగడ్త అవుతుంది, లేకపోతే తిట్టు అవుతుంది.

తరువాతి కథ అందరికీ తెలిసిందే. 1966లో ఆయన కేంద్రంలో రవాణా, విమానయాన శాఖల మంత్రి అయినారు. బస్సు రూట్ల మీద పదవి పోగొట్టుకున్న మనిషికి దేశం రవాణా అప్పజెప్పినారు. 1967లో లోక్‌సభ స్పీకరు అయినప్పుడు తమ పార్టీ సభ్యత్వం వదులుకున్నారు. సభకు పెద్దగా కూర్చున్నవాడు ఏ పక్షం మనిషీ కాకూడదు అని. కృష్ణా జిల్లా దావాలో కోర్టు చెప్పిన మాటకు ఇది ఎంత దగ్గరగా వుందో మీరే చూడండి. 1977లో రాష్ట్రపతి అయినారు. 1996లో కన్నుమూసినారు.

ఈ చర్చలు ఈనాటికి ఎక్కడికి వచ్చినవి

ఆర్టీసీ పెరిగి పెద్దదైంది. రాష్ట్రం రెండైన తరువాత 2016లో తెలంగాణకు వేరే సంస్థ వచ్చింది. 2019 అక్టోబరులో మొదలైన కార్మికుల సమ్మె 52 రోజులు నడిచింది. 2023 ఆగస్టులో ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వ ఉద్యోగులుగా తీసుకునే బిల్లును శాసనసభ ఆమోదించింది. ఆ డిసెంబరు 9 నుంచి ఆడవారికి ఉచిత ప్రయాణం వచ్చింది. మన ఇళ్ళల్లో కాలేజీకి పోయే ఆడపిల్లలకు, దవాఖానకు పోయే పెద్దమ్మలకు దాని విలువ తెలుసు. 1932లో వేసిన ప్రశ్నే ఇంకా నడుస్తున్నది: బస్సు లాభానికా, జనానికా? రెండూ కావాలంటే ఆ ఖర్చు ఎవరు మోయాలి?

బల్దియా సంగతి ఇంకా చూడవలసి వుంది. పంచాయితీ ఎన్నికలు 1970 తరువాత 1981 దాకా జరగలేదు. 1993లో రాజ్యాంగ సవరణలు వచ్చి, ఐదేళ్ళకొకసారి ఎన్నికలు తప్పవని చెప్పినవి. అయినా మన వరంగల్ కార్పొరేషన్‌కు 2005 తరువాత మళ్ళీ 2016లోనే ఎన్నికలు జరిగినవి. 2010లో పదవీకాలం ముగిసిన తరువాత ఆ నడుమ కార్పొరేటరు లేడు, ప్రత్యేకాధికారి పాలనే. మోరీ పొంగితే, నల్లా రాకపోతే, కబ్రస్తాన్ దారిలో దీపం ఆరిపోతే ఎవరి ఇంటి తలుపు తట్టాలి? ఎన్నికైన మనిషి లేకపోతే అడగడానికి మనిషే లేడు. 1959 నాటి సభలో కలెక్టరు పెద్దా, ఎన్నికైనవాడు పెద్దా అని జరిగిన తగాదా ఇదే.

మనకు ఏమి పాఠం

ఈ కథ నుంచి మేము రెండు మాటలు తీసుకున్నాము.

మొదటిది, విన్నవాడే నిర్ణయించాలి. ఇది సుప్రీంకోర్టుకే కాదు, మన సంఘానికీ వర్తిస్తుంది. ఒక విధవ స్కాలర్‌షిప్పు దరఖాస్తు పెట్టుకుంటే, ఆమె మాట విన్న సభ్యుడు ఒకరు, మంజూరు చేసేది ఎక్కడో కూర్చున్న ఇంకొకరు అయితే అక్కడ న్యాయం నలుగుతుంది. మన కమిటీలో బంధువు దరఖాస్తు వచ్చినప్పుడు ఆ సభ్యుడు లేచి బయటికి పోవాలి. మన మీద ఎవరైనా లెక్క అడిగితే మౌనం పనికిరాదు, కాగితం మీద జవాబు చెప్పాలి. జవాబు చెప్పనందుకు ఒక ముఖ్యమంత్రి పదవే పోయింది, మనమెంత?

రెండవది, ముందు చెబుతామన్న ఉర్దూ పేజీల సంగతి. మన తాతల తరం సభ్యులు రోడ్ల మీద, బల్దియాల మీద, బడుల మీద ఉర్దూలో మాట్లాడిన మాటలు ఆ సంపుటాల్లో వున్నవి. మన పిల్లలు తెలుగు మీడియంలో, ఇంగ్లీషు మీడియంలో చదువుకున్నారు. వారికి ఆ లిపి రాదు. ఆ లిపి వచ్చిన పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. ఇంకొక పదేళ్ళు పోతే ఆ పేజీలు మన ఇళ్ళల్లో ఎవరికీ చదవరావు. కనుక మన సంఘం ఈ ఏడు ఒక పని పెట్టుకోవాలని మా మనవి. ఉర్దూ చదవగలిగిన పెద్ద ఒకరు, తెలుగు వ్రాయగలిగిన పిల్లవాడో పిల్లో ఒకరు జోడీగా కూర్చోవాలి. పెద్ద చదవాలి, పిల్ల వ్రాయాలి. నెలకు నాలుగు పేజీలైనా చాలు. వచ్చే సంచికలో ఆ పేజీలు అచ్చువేద్దాము.

బస్సులో సీటు కోసం, నల్లా కోసం, సర్పంచి ఓటు కోసం మన పెద్దలు ఏమి అడిగినారో, ఎట్లా అడిగినారో మన పిల్లలు వారి మాటల్లోనే చదవాలి. ఈ పనికి ముందుకు వచ్చే సభ్యులు తమ పేర్లు సంఘం కార్యాలయంలో నమోదు చేయించుకోవలసిందిగా కోరుతున్నాము.